రాజు పడక దగ్గర అడగని ప్రశ్న



2006లో "డావిన్సీ కోడ్" సినిమా వచ్చినప్పుడు జరిగిన గొడవ మీలో కొందరికి జ్ఞాపకముండవచ్చు. క్రైస్తవుల అభ్యంతరము మీద అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దానిని నిషేధించింది. తరువాత హైకోర్టు ఆ నిషేధమును కొట్టివేసింది. ఆ రోజుల్లో "హోలీ గ్రెయిల్" అనే మాట మన ప్రార్థన కూటముల వరకు వచ్చింది. అది కడరాత్రి భోజనమందు ప్రభువు వాడిన గిన్నె అని కొందరన్నారు. ఏదో దాచిన రహస్యమని కొందరన్నారు. కాని ఆ మాటను లోకానికి పరిచయము చేసిన కథలో గిన్నె కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఆ కథలో మంచము దిగలేని ఒక రాజు ఉన్నాడు. ఆయన ప్రక్కన కూర్చుని కడుపునిండ భోజనము చేసి, ఒక్క ప్రశ్న అడగకుండా లేచి వెళ్లిపోయిన ఒక యౌవనుడున్నాడు. ఆ యౌవనుని గురించే ఈసారి మీతో మాట్లాడాలని నా ఆశ.

ముందుగా ఒక మాట. ఇది కట్టుకథ. దీనిని వాక్యముతో సమానముగా ఎంచవద్దు. అయితే నాతాను ప్రవక్త కూడా దావీదు నొద్దకు ఒక గొఱ్ఱెపిల్ల కథతోనే వెళ్లాడు (2 సమూయేలు 12). ఎవరి కథో అనుకుని విన్న దావీదుకు అది తన కథేనని చివరకు తెలిసింది. అంతమాత్రము మేలు ఈ కథ వలన కూడా కలుగవచ్చు.

ఈ కథను ఫ్రెంచి భాషలో పద్యముగా వ్రాసినవాడు క్రెత్యాన్ ద త్రువా అనే కవి. కాలము 1180ల ప్రాంతము. ఫ్లాండర్స్ ప్రభువైన ఫిలిప్ కోసము వ్రాశాడు. మొదటి పేజీలలోనే, కుడిచేతి దానము ఎడమచేతికి తెలియకూడదని మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు చెప్పిన బోధను జ్ఞాపకము చేసి, ఆ విధముగా ఇచ్చువాడు గనుక ఫిలిప్ అలెగ్జాండరు చక్రవర్తి కంటే గొప్పవాడని పొగిడాడు. ఆ ఫిలిప్ 1191లో మూడవ క్రూసేడు యుద్ధములో, అక్కా పట్టణపు ముట్టడియొద్ద మరణించాడు. కవి కూడా పని ముగించకుండానే పోయాడు. మరణము ఆయన కలమును ఆపిందని తరువాత ఆ కథను కొనసాగించిన ఒక కవి చెప్పాడు.

ఈ కథలు వినినవారెవరు? నైట్లు, వారి ప్రభువులు, వారి ఇంటి స్త్రీలు. నైటు అంటే సినిమాలలో చూపించినట్లు ఆపదలోనున్న స్త్రీని రక్షించే మెరుపుల వీరుడని మనము అనుకుంటాము. నిజమైన నైటు గుర్రము, ఇనుప కవచము, కత్తి కలిగిన వృత్తి యోధుడు. పొరుగు ప్రభువుతో తగవు వస్తే అతని పొలములను, అతని రైతుల గుడిసెలను తగులబెట్టడము వారికి మామూలు సంగతి. వీరిని అదుపు చేయలేక సంఘ పెద్దలు 989లో ఫ్రాన్సులోని షర్రూ అనే చోట కూడి, గుళ్లను దోచువారిని, పేదల పశువులను తోలుకొని పోవువారిని, ఆయుధము లేని సేవకులను కొట్టువారిని వెలివేస్తామని తీర్మానము చేశారు. తరువాతి శతాబ్దములో ఇంకొక ఏర్పాటు వచ్చింది. ప్రభువు శ్రమపడి లేచిన దినములను బట్టి బుధవారము సాయంత్రము మొదలుకొని సోమవారము ఉదయము వరకు యుద్ధము చేయరాదట! అంటే కొట్టుకోవాలనుకుంటే మిగిలిన దినములలో కొట్టుకోవచ్చు. నవ్వు వస్తుంది గాని, ఆ మనుష్యులతో అంతమాత్రము ఒప్పించడమే పెద్ద పని. వీరి వంశములవారే 1099లో యెరూషలేమును పట్టుకొని, ఆ వీధులలో ముస్లిములను, యూదులను ఊచకోత కోశారు, సిలువ గుర్తును బట్టలమీద కుట్టుకొని మరీ.

కాబట్టి నైట్ల కథలను పొగడ్తలుగా మాత్రమే చదువకండి. వాటిలో గద్దింపు కూడా ఉంది. కత్తి పట్టినవాని ఎదుటనే కూర్చుండి, కత్తివలన కాని పని ఒకటుందని చెప్పిన కథ ఇది.

ఇక కథలోనికి వద్దాము. పెర్సెవాల్ అనే చిన్నవాడు అడవిలో తల్లితో పెరిగాడు. అతని అన్నలిద్దరు నైట్లయి ఒక్కదినముననే చంపబడ్డారు. ఆ దుఃఖముతో తండ్రి చనిపోయాడు. ఈ కడసారి బిడ్డనైనా కాపాడుకోవాలని తల్లి అతనికి ఆయుధము పేరు కూడా తెలియకుండా పెంచింది. ఒక దినమున అడవిలో అయిదుగురు నైట్లు ఎదురయ్యారు. కవచముల చప్పుడు విని దయ్యములనుకున్నాడు. ఎండలో అవి మెరవడము చూచి దేవదూతలనుకున్నాడు. వారి నాయకుని చూచి దేవుడే అనుకున్నాడు! ఆ నాయకుడు తనకు కావలసిన సమాచారము అడుగుతుంటే ఇతడు జవాబు చెప్పడు. ఈటె చూపించి ఇదేమిటి, డాలు చూపించి ఇదేమిటి, కవచము చూపించి ఇదేమిటి అని ప్రశ్న మీద ప్రశ్న. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి. వీనికి ప్రశ్నలు అడగడము చేతకాక కాదు.

ఇంటికి వచ్చి నేనూ నైటునవుతాను అన్నాడు. తల్లి ఎంత బ్రతిమాలినా ఆగలేదు. ఆమె తనకు తోచిన బుద్ధులు చెప్పి సాగనంపింది. కొంచెము దూరము వెళ్లి వెనుకకు తిరిగి చూచాడు. వంతెన దగ్గర తల్లి చచ్చినదానివలె పడి ఉన్నది. చూచాడు. చూచి, గుఱ్ఱమును కొరడాతో కొట్టి ముందుకు పోయాడు.

తరువాత గోర్నమాన్ అనే పెద్దమనిషి అతనికి యుద్ధవిద్య నేర్పి, నైటుగా చేసి, కొన్ని మర్యాదలు చెప్పాడు. శరణు కోరినవానిని చంపవద్దు. గుడికి వెళ్లు. అతిగా మాట్లాడవద్దు. చెడ్డ సలహా కాదు, సామెతల గ్రంథము 10వ అధ్యాయము కూడా ఆ మాటే చెబుతుంది. కాని మంచి సలహా తప్పు చోట ఏమి చేస్తుందో చూడండి.

ఒక సాయంత్రము పెర్సెవాల్ ఒక నది దగ్గరకు వచ్చాడు. పడవలో చేపలు పట్టుచున్న ఒకాయన, ఈ రాత్రి మా ఇంట బస చేయమని పిలిచాడు. కోటలోనికి వెళ్తే ఆ ఇంటి ప్రభువు మంచము మీద ఉన్నాడు. లేచి ఎదురు రాలేకపోతున్నాను, క్షమించమని అడిగాడు. ప్రక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక ఖడ్గము బహుమానముగా ఇచ్చాడు. అంతలో ఒక చిన్నవాడు తెల్లని ఈటె పట్టుకుని గదిలో గుండా నడిచాడు. దాని మొననుండి రక్తపు బొట్టు వాని చేతిమీదికి కారుచున్నది. వెనుక దీపస్తంభములు పట్టుకొని ఇద్దరు. వారి వెనుక ఒక కన్యక రెండు చేతులతో గ్రెయిల్ తెచ్చింది. దాని కాంతికి దీపములు వెలవెలబోయాయి. ఆ కాలపు ఫ్రెంచిలో గ్రెయిల్ అంటే గిన్నె కూడా కాదు, పెద్దలింట చేపలు వడ్డించే లోతైన పళ్లెము. దానిని ప్రభువు భోజనపు గిన్నెగా మార్చినవారు 1200 ప్రాంతమున వ్రాసిన వేరే కవులు. (సినిమా చూచి కంగారుపడినవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు.)

ఒక్కొక్క వంటకము వడ్డించినప్పుడల్లా ఆ పళ్లెము వారి ఎదుటనుండి మరొక గదిలోనికి వెళ్తూనే ఉంది. లోపల ఎవరున్నారు, ఎవరికి వడ్డిస్తున్నారు అని అడగాలని పెర్సెవాల్‌కు ఉంది. కాని గోర్నమాన్ మాట గుర్తొచ్చింది. అడిగితే మొరటువాడు అనుకుంటారేమో! రేపు ఉదయము పనివారిలో ఎవరినైనా అడుగుదాములే అనుకున్నాడు. తిన్నాడు, త్రాగాడు, పండుకున్నాడు. తెల్లవారి లేచి చూస్తే కోటలో ఒక్కరూ లేరు. గుఱ్ఱము జీను వేసి సిద్ధముగా ఉన్నది. బయటకు వస్తుండగానే వంతెన పైకి లేచిపోయింది. కేకలు వేశాడు. జవాబిచ్చేవారు లేరు.

దారిలో ఒక స్త్రీ, అతని బంధువే, జరిగినది చెప్పింది. యుద్ధములో రెండు తొడలగుండా ఈటె దిగి ఆ రాజు నడవలేకున్నాడు. గుఱ్ఱమెక్కలేడు గనుక పడవలో చేపలు పట్టుకుంటాడు. నీవు అడిగి ఉంటే ఆయన బాగుపడి ఉండేవాడు, ఆయన దేశమూ నిలిచేది అన్నది. నీ తల్లి కూడా నీ కోసము దుఃఖపడి చనిపోయింది అన్నది. తరువాత మరొక స్త్రీ, కంచరగాడిద మీద వచ్చినది, ఆర్థరు రాజు సభలో అందరి ఎదుట అతని నిలదీసింది. నీ మౌనము వలన భూములు పాడగును, స్త్రీలు విధవలగుదురు, పిల్లలు దిక్కులేనివారగుదురు అని.

ఒక్క ప్రశ్న అడగనందుకు ఇంత శిక్షా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. అతడు ఎవరినీ కొట్టలేదు, దోచుకోలేదు. మర్యాదగా కూర్చున్నాడు. కవి చూపించదలచినది అదే. ఆ సభలోని నైట్లకు హత్య పాపమని, దోపిడి పాపమని అందరూ చెప్పారు. బాధలోనున్నవాని ఎదుట మర్యాదగా ఊరుకోవడము కూడా పాపమని వారికి ఎవరు చెప్పారు?

ఆ అవమానము తరువాత పెర్సెవాల్ అయిదు సంవత్సరములు తిరిగాడు. 60 మంది నైట్లను ఓడించి ఆర్థరు సభకు పంపాడు. ఆ అయిదు సంవత్సరములలో ఒక్కసారి గుడిలో అడుగు పెట్టలేదు, దేవుని తలంచుకోలేదు. ఒకనాడు కొందరు నైట్లు, స్త్రీలు కాళ్లకు చెప్పులు లేకుండా, ముసుగులు వేసుకుని నడచి వస్తూ ఎదురయ్యారు. ఈ దినమున ఆయుధములు ధరించి తిరుగుతున్నావేమి అని అడిగారు. ఈ దినమేమిటి అన్నాడు. అది మంచి శుక్రవారము. తాను ఏ దినములో ఉన్నాడో కూడా అతనికి తెలియదు.

ఇక్కడ ఒక మచ్చ దాచకుండా చెప్పాలి. సిలువను గురించి అంత చక్కగా బోధించిన ఆ నైట్ల నోటనే, యూదులను చంపవలెనన్న ద్వేషపు మాట కూడా కవి పెట్టాడు. అది నోటిమాటగా ఆగలేదు. 1190 మార్చి 16 రాత్రి, ఈస్టరుకు కొద్ది దినముల ముందు, ఇంగ్లాండులోని యార్కు పట్టణపు కోటలో దాగిన సుమారు 150 మంది యూదులు చనిపోయారు. గుంపును నడిపినవారిలో ఆ యూదులకు బాకీపడిన భూస్వాములున్నారు. పని అయిన తరువాత వారు పెద్ద గుడిలో భద్రపరచిన అప్పు పత్రములను తెచ్చి తగులబెట్టారు. పాత కథలలో మంచి నేర్చుకుందామనేవారు ఈ పేజీని చింపివేసి చదువకూడదు. గుడిలో పాడే నోరే ఏమి మాట్లాడగలదో అందులో ఉంది.

ఆ నైట్లు చూపిన దారిలో పెర్సెవాల్ అడవిలోని ఒక ఏకాంతవాసి యొద్దకు వెళ్లాడు. ఏడ్చి ఒప్పుకున్నాడు. ఆ భక్తుడు అతని మేనమామే. కోటలో నీ నోరు ఎందుకు రాలేదో తెలుసా అన్నాడు. గోర్నమాన్ సలహా సంగతి ఆయన ఎత్తనేలేదు. నీ తల్లి పడిపోవడము చూచి నీవు పోయావు, ఆ పాపమే నీ నాలుకను కోసింది అన్నాడు.

ప్రియులారా, నేను ఈ కథలో ఎక్కువసేపు ఆగినది ఇక్కడ. మర్యాద అనుకున్నది మర్యాద కాదు. కన్నతల్లి నేలపడితే చూచి దాటిపోయినవానికి దాటిపోవడము అలవాటైంది. అలవాటైన తరువాత దానికి సభ్యత అని పేరు పెట్టుకున్నాడు. మనము సంఘములో ఎవరి కష్టమైనా చూచి "వారి స్వంత విషయము, మనకెందుకు" అనుకున్నప్పుడు, అంతకుముందు మన ఇంటిలో ఎవరిని దాటి వచ్చామో ఒక్కసారి వెనుకకు తిరిగి చూడవలసి ఉంటుంది.

ఆ భక్తుడు పళ్లెము సంగతి కూడా చెప్పాడు. అందులో చేపలు లేవు. లోపలి గదిలో ఉన్నది రాజుగారి ముసలి తండ్రి. ప్రభువు బల్లలోని ఒక్క రొట్టె ఆయనకు అందులో వెళ్తుంది, దానితోనే ఆయన బ్రతుకుతున్నాడు. పెర్సెవాల్ అక్కడ ఉండి, ఆకుకూరలు, యవల రొట్టె తిని, ఈస్టరు దినమున సంస్కారము పుచ్చుకున్నాడు. అంతటితో కవి వేరొక నైటు కథలోనికి వెళ్లాడు, తిరిగి పెర్సెవాల్ దగ్గరకు రాకముందే కావ్యము ఆగిపోయింది.

ముగింపు వ్రాసినవారిలో గొప్పవాడు జర్మనీ దేశపు వోల్‌ఫ్రామ్ ఫాన్ ఎషెన్‌బాఖ్. ఆయన కావ్యము 13వ శతాబ్దపు మొదటి సంవత్సరములది, దాదాపు 25,000 పాదములు. ఆయన పెద్ద మార్పు ఒకటి చేశాడు. మొదటి కథలో అడగవలసినది వస్తువును గురించి: ఈటెకు రక్తమేల, పళ్లెము ఎవరికి? వోల్‌ఫ్రామ్ కథలో అడగవలసినది మనిషిని గురించి. రెండవసారి కోటకు వెళ్లినప్పుడు ఆ యౌవనుడు మోకరించి ప్రార్థించి, లేచి, తన మామ అయిన ఆ రాజును నీ బాధ ఏమిటని అడుగుతాడు. రాజు స్వస్థపడతాడు. అడవిలో కవచములను చూచి ప్రశ్నలు కురిపించినవాడు మనిషిని చూచి ఒక్క ప్రశ్న అడగడానికి అన్ని సంవత్సరములు పట్టింది. రెండవసారి తనతో ఒక్కరినే తీసుకొని వెళ్లవచ్చునంటే, అతడు ఎవరిని ఎన్నుకున్నాడో తెలుసా? వేరొక దేశపు నల్లని రాణికి పుట్టిన తన సవతి అన్నను. క్రైస్తవుడు కాడు, అంతకుముందే ఇద్దరూ ఒకరికొకరు తెలియక పోరాడారు. ఆ అన్న తరువాత బాప్తిస్మము పొంది ఇండియాకు వెళ్లాడని వోల్‌ఫ్రామ్ వ్రాశాడు! మన దేశమును ఆయన ఎన్నడూ చూడలేదు, కథ కోసము వ్రాసుకున్నాడు, పోనివ్వండి.

ఇప్పుడు వాక్యములోనికి రండి. నెహెమ్యా 2వ అధ్యాయములో అర్తహషస్త రాజు తనకు గిన్నె అందించే నెహెమ్యా ముఖము చూచి, వ్యాధి లేకయే నీ ముఖమెందుకు విచారముగా ఉందని అడిగాడు. ఆ కథలో గిన్నె ఎదుటనుండి వెళ్లింది, అతిథి రాజును అడగలేదు. ఇక్కడ రాజు, అన్యుడు, గిన్నె పట్టుకున్న దాసుని అడిగాడు. యెరూషలేము గోడలు లేవడానికి మొదలు ఆ ప్రశ్నలో ఉంది. ఆదికాండము 40లో యోసేపు చెరసాలలో ఉండి కూడా, ఫరో పానదాయకుల అధిపతి, భక్ష్యకారుల అధిపతి చిన్నబోయి ఉండుట చూచి, ఎందుకని అడిగాడు. తన బాధ తనకు చాలదా? అయినా అడిగాడు. ఆ ఒక్క పలకరింపు నుండి ఐగుప్తు కరవులో అన్నము తినేంత దూరము వెళ్లింది సంగతి. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏండ్ల రోగిని ప్రభువు తానే ముందుగా పలకరించి, స్వస్థపడ కోరుచున్నావా అని విచారించాడు. ఆయనకు తెలియక అడిగాడా?

మనమూ అడుగుతాము. ఆరాధన అయిన తరువాత గుమ్మము దగ్గర "బాగున్నారా బ్రదర్?" "ప్రభువు కృపలో బాగున్నామండి." ఆ జవాబు వచ్చేసరికి మన చెయ్యి ప్రక్కవారి చేతిలో ఉంటుంది.

కొన్నేండ్ల క్రిందట మా సంఘములోని ఒక సహోదరుని ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్లాను. వరండాలో ఎప్పుడూ ఉండే కుట్టుమిషను ఆ రోజు లేదు. ఆ చెల్లెమ్మ చేతులకు గాజులున్నాయి గాని మెడలో గొలుసు లేదు, పసుపుతాడు మాత్రమే ఉంది. చూచాను. ఇంటివారిని ఇబ్బంది పెట్టకూడదనుకున్నాను. పాట పాడి, వాక్యము చెప్పి, పెట్టిన ఉప్మా తిని, ఆశీర్వదించి వచ్చాను. నెల తిరగకముందే ఇంటికి తాళము. అప్పులవాళ్లు వీధిలోకి వచ్చి అరిచారని, రాత్రికి రాత్రి ఆ అమ్మాయి పుట్టింటి ఊరికి వెళ్లిపోయారని ప్రక్కింటివారు చెప్పారు.

ఈ కథ నేను చదివినది ఆ తరువాతే. చదివి రెండు మూడు వారములు ఊరుకున్నాను. ఆ పైన ఒక శనివారము బస్సెక్కి ఆ ఊరు వెళ్లాను. అతడు కోళ్లఫారములో పనికి కుదిరాడు. నన్ను చూచి నిలబడిపోయాడు. బైబిలు సంచిలోనుండి తీయలేదు. "తమ్ముడూ, ఏమైందయ్యా నీకు?" అని అడిగాను.

అతడు చాలాసేపు నేలవంక చూస్తూ ఉన్నాడు. "అయ్యగారూ, ఆ రోజు మీరు మిషను ఉండే చోటువైపే చూశారు. అడుగుతారేమో అనుకున్నాను" అన్నాడు. తరువాత భార్యను కేకవేసి, టీ పెట్టమని, నాకొక కుర్చీ వేయించి, మొదటినుండి చెప్పడము మొదలుపెట్టాడు.